ఇల్లు ఖాళీ చేస్తున్నాం, అడ్వాన్స్ మొత్తం తిరిగి వస్తుందా? తాళాలు ఇచ్చేలోపు చేయాల్సినవి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అద్దె 22,000, ఇచ్చిన అడ్వాన్స్ 44,000. చేరి మూడేళ్ళు. అగ్రిమెంట్ మొదటి 11 నెలలకు రాసుకున్నదే, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఉద్యోగం బెంగళూరుకు మారింది, వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఓనర్ ఫోన్‌లో "పెయింటింగ్‌కి 25 వేలు, క్లీనింగ్‌కి 5 వేలు పోతాయి, మిగతాది కొత్తవాళ్ళు దిగాక వేస్తా" అన్నారు. మీ ఫ్రెండ్స్ ఏమో "వచ్చే నెల అద్దె కట్టకు, అక్కడికక్కడ చెల్లు" అంటున్నారు.

ముందు జవాబు చెప్తాను. మీ డబ్బులో ఎక్కువ భాగం వస్తుంది. కానీ వచ్చేదీ రానిదీ తేలేది తాళాలు ఇచ్చేలోపే. ఇచ్చేశాక మీకు మిగిలే పని ఫోన్లు చేయడం ఒక్కటే. అందుకని ఖాళీ చేస్తున్నట్టు ఈ వారమే రాసి పంపండి. వచ్చే నెల అద్దెను అడ్వాన్స్‌లో సర్దుకునేలా ఓనర్‌ని ఒప్పించి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. ఖాళీ చేసే ముందు ఇద్దరూ కలిసి ఇల్లు చూడండి. మిగిలిన డబ్బు ఖాతాలో పడ్డాకే తాళాలు చేతికివ్వండి. అగ్రిమెంట్‌లో రాసి ఉంటే తప్ప పెయింటింగ్ ఖర్చంతా మీరు మోయాల్సిన పని లేదు. చెప్పాపెట్టకుండా అద్దె ఆపేయడం మాత్రం వద్దు.

నేను కూకట్‌పల్లి, మియాపూర్ వైపు పదిహేనేళ్ళుగా అద్దె ఇళ్ళ వ్యవహారాలు చూస్తున్నాను. ఎక్కువగా అమెరికాలో ఉన్న ఓనర్ల ఫ్లాట్లు. టూలెట్ బోర్డు పెట్టడం, అద్దె వసూలు, ప్లంబర్‌ని పంపడం, చివర్లో లెక్క తేల్చడం, అన్నీ నా పనే. అంటే అడ్వాన్స్‌లో కోత పెట్టే వైపు కూర్చునేవాణ్ణే. దానికి ముందు నేనూ ఆరు అద్దె ఇళ్ళు మారాను, ఒకచోట దెబ్బ తిన్నాను. అది తర్వాత చెప్తాను.

మీ అడ్వాన్స్ ఓనర్ దగ్గర లేదు

44,000 ఎక్కడో బీరువాలో భద్రంగా ఉందని మనం అనుకుంటాం. నేను చూసిన ఓనర్లు దాదాపు అందరూ ఆ డబ్బు వచ్చిన నెలలోనే ఈఎంఐకో, పిల్లల ఫీజుకో, బాల్కనీ గ్రిల్‌కో వాడేసినవాళ్ళే. మీకు తిరిగి ఇవ్వాల్సింది కొత్తగా దిగేవాళ్ళు ఇచ్చే అడ్వాన్స్‌లోంచే. "కొత్తవాళ్ళు దిగాక వేస్తా" అన్న మాటకు అసలు అర్థం అది. ఎగ్గొడదామని చాలామందికి ఉండదు, చేతిలో లేక అలా అంటారు. ఎగ్గొట్టేవాళ్ళు కూడా సరిగ్గా ఇదే మాట అంటారు, అదీ చిక్కు.

ఇది అర్థమైతే మీరు చేయాల్సింది కూడా తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు ఎంత త్వరగా దొరికితే మీ డబ్బు అంత త్వరగా వస్తుంది. ఇల్లు చూడ్డానికి ఎవరైనా వస్తే "ఇప్పుడు కుదరదు, ఆదివారం రండి" అనకండి. హాల్లో ఆరేసిన బట్టలు తీసేయండి, కిటికీలు తెరవండి, నీళ్ళు ఎలా వస్తాయని అడిగితే ఉన్నది చెప్పండి. వాచ్‌మన్‌కి ముందే ఒక మాట చెప్పి పెట్టండి, నిజాంపేట లాంటి చోట సగం ఇళ్ళు అతని నోటి మాట మీదే నిండుతాయి. మీ ఆఫీసులో ఎవరైనా ఇల్లు వెతుకుతుంటే మీరే తీసుకెళ్ళి చూపించండి. మీరుండగానే కొత్తవాళ్ళు టోకెన్ ఇచ్చారంటే ఓనర్ చేతిలో డబ్బు ఉన్నట్టే. ఇక "లేదు" అనడానికి ఉండదు.

నెల కూడా చూసుకోవాలి. మీరు ఖాళీ చేసేది ఆషాఢంలో పడుతుందేమో క్యాలెండర్ చూడండి. ఆషాఢంలో పాలు పొంగించి ఇంట్లో దిగేవాళ్ళు తక్కువ, చాలామంది శ్రావణం దాకా ఆగుతారు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. ఆ నెలల్లో ఖాళీ అయిన ఫ్లాట్లు నా చేతిలోనే నెల, నెలన్నర ఖాళీగా ఉన్నాయి. అలాంటి మాసం వస్తోందని ముందే తెలిస్తే నోటీసు ఒక నెల ముందే ఇవ్వడం మీకే మంచిది.

నోటీసు ఎలా ఇవ్వాలంటే: అగ్రిమెంట్‌లో ఒక నెల అని ఉంటే నెల, రెండు అని ఉంటే రెండు. మీది 11 నెలలు దాటిపోయింది కదా అని అది చిత్తుకాగితం అయిపోదు. మీరు అద్దె కడుతూ, ఆయన తీసుకుంటూ ఉన్నారు కాబట్టి నెలవారీ అద్దెకు కొనసాగుతున్నట్టే, పాత షరతులే నడుస్తున్నట్టే లెక్క. ఏమీ రాసుకోనివాళ్ళకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు సరిపోతుంది. ఫోన్లో చెప్పింది నోటీసు కింద పనికిరాదని అనుకోండి. "నమస్తే సార్, ఫలానా తేదీకి ఫ్లాట్ ఖాళీ చేస్తున్నాం. మా అడ్వాన్స్ 44,000 ఆ రోజు తిరిగి ఇవ్వగలరు" అని రెండు లైన్లు వాట్సాప్‌లో పెట్టండి, ఈమెయిల్ ఉంటే దానికీ పంపండి. ఆయన "సరే" అని ఒక్క ముక్క రాసినా చాలు. అడ్వాన్స్ అంకె ఆ మెసేజ్‌లో ఉండాలి. దాన్ని ఆయన కాదనకపోతే తర్వాత మీకు ఆధారంగా పనికొస్తుంది.

చివరి నెల అద్దె ఆపొచ్చా?

ఒప్పించి ఆపండి, ఎగ్గొట్టి ఆపకండి. తేడా చాలా ఉంది.

ఒప్పించడం అంటే: "సార్, మీరు కొత్తవాళ్ళు వచ్చాక ఇస్తానంటున్నారు, నేను బెంగళూరు నుంచి తిరగలేను. వచ్చే నెల అద్దె 22,000 అడ్వాన్స్‌లో తగ్గించుకోండి, మిగతా 22,000 లెక్క చూసుకుని తాళాల రోజు ఇవ్వండి." చాలామంది ఓనర్లు దీనికి ఒప్పుకుంటారు, ఎందుకంటే ఒకేసారి 44,000 తీయాల్సిన పని తప్పుతుంది. మీకు లాభం ఏంటంటే, తేడా వచ్చినా పోయేది సగమే. నా చేతి మీద నడిచే ఫ్లాట్లలో ఇప్పుడు దాదాపు అన్నీ ఇలాగే తేలుస్తున్నాను. గొడవలు బాగా తగ్గాయి.

రెండు నెలలూ సర్దుకోమంటే మాత్రం ఏ ఓనరూ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడంలో న్యాయం కూడా ఉంది. మీరు వెళ్ళాక వచ్చే కరెంటు బిల్లుకి, పగిలిన కమోడ్ మూతకి ఆయన దగ్గర ఏమీ మిగలదు కదా.

చెప్పకుండా ఆపేస్తే "అద్దె ఎగ్గొట్టిన మనిషి" అన్న మాట మీ మీద పడుతుంది. ఆ తర్వాత ఆయన పెట్టే ప్రతి కోతకీ ఒక సాకు దొరుకుతుంది. కొందరు 1989లో సుప్రీంకోర్టు ఇచ్చిన గూడూరు మోడర్న్ హోటల్ తీర్పు పట్టుకొచ్చి వాదిస్తారు. అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు కేసే అది. చట్టం అనుమతించినదానికి మించి అడ్వాన్స్ ఓనర్ చేతిలో ఉన్నప్పుడు అద్దెదారు కావాలని అద్దె ఎగ్గొట్టినట్టు కాదని కోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ అది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద వచ్చింది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలు ఆ చట్టంలోకే రావు. 22 వేల అద్దె కట్టే మీకు అది పనికిరాదు.

పెయింటింగ్ సంగతి

ఎక్కువ గొడవలు ఇక్కడే. ముందు అగ్రిమెంట్ తీసి చూడండి. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును" అని ఉందా? ఉంటే, సంతకం పెట్టారు కాబట్టి దాదాపు అంతే. బేరం ఆడొచ్చు, వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. అప్పుడు కూడా 22,000 పోతాయి గానీ 25,000 కాదు, క్లీనింగ్ అదనం కూడా కాదు.

అలా రాసి లేకపోతే మీ వైపు బలం ఉంది. ఇందాక చెప్పిన ఆస్తి బదిలీ చట్టంలోనే 108వ సెక్షన్ ఉంది. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు మాత్రం మినహాయింపు ఉంటుందని దాని సారం. గోడ రంగు మూడేళ్ళకు వెలిసిపోవడం అరుగుదలే. పిల్లలు క్రేయాన్లతో గోడంతా గీయడం అరుగుదల కాదు. సోఫా వీపు ఆనిన చోట నల్లటి చార అరుగుదలే. టీవీ స్టాండ్ కోసం వేసిన ఎనిమిది డ్రిల్లింగ్ రంధ్రాలు కావు.

నేను కోత వేసేటప్పుడు ఒక లెక్క పెట్టుకున్నాను. చట్టంలో ఉన్నది కాదు, నా అలవాటు. మామూలు ఎమల్షన్ రంగు ఐదేళ్ళు ఉంటుందనుకుంటే, మూడేళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర ఐదింట రెండు వంతులకు మించి అడగను, అది కూడా గోడలు నిజంగా పాడైతేనే. మీ ఓనర్ చెప్పిన 25 వేలకు ఆ లెక్క వేస్తే 10 వేలు. గోడలు మామూలుగా ఉంటే సున్నా. మీరు ఈ లెక్కతో మొదలుపెట్టండి. "అసలు ఒక్క రూపాయి ఇవ్వను" అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది.

ఇంకొకటి: మీరు చేరేటప్పుడు కొత్త రంగు వేయించారా? చాలా ఇళ్ళలో వేయించరు, పాత రంగు మీదే కొత్తవాళ్ళను దించుతారు. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ రంగు డబ్బు ముందున్నవాళ్ళ దగ్గరా, తర్వాతవాళ్ళ దగ్గరా వసూలు చేస్తారు. "సార్, మేం దిగేటప్పుడు వేయించలేదు కదా" అని అడగండి. జవాబు ఉండదు.

బిల్లు చూపించమని కూడా అడగండి. పెయింటర్ కొటేషన్ కాదు, చేసిన పనికి బిల్లు. డాలస్‌లో ఉన్న ఒక ఓనర్ నాతో "ఏదో ఒక లంప్సమ్ కట్ చేసెయ్, లెక్కలెందుకు" అన్నారు. ఆయన అక్కడ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు టెక్సస్ చట్టం ప్రకారం 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కి వచ్చింది, ఏ కోత దేనికో లిస్టుతో సహా. ఆ మాట గుర్తుచేస్తే నవ్వేసి "సరే, లిస్టు పంపు" అన్నారు.

మీరే చేయించుకుంటే చవక

ఓనర్ మనిషి వెయ్యి రూపాయలు వేసే పని మీరు వందలో చేయించుకోవచ్చు. మేకులు పీకి రంధ్రాల్లో వాల్ పుట్టీ పూయండి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి. కారే కుళాయిలకు వాషర్లు మార్చండి. పోయిన ట్యూబ్‌లైట్లు వేయండి. ఏసీ మీదైతే పైపు తీసిన బొక్క వైట్ సిమెంట్‌తో మూయించండి. పొయ్యి వెనక గోడ మీద జిడ్డు కొత్తగా వచ్చేవాళ్ళకు మొదట కనపడేది, దాని మీద ఒక సాయంత్రం పెట్టండి. పూజ గదిలో దీపం మసి కూడా అంతే. గడప మీది పసుపుకు మాత్రం ఏ ఓనరూ కోత పెట్టగా నేను చూడలేదు.

ఆసిడ్ జాగ్రత్త. బాత్‌రూమ్ టైల్స్‌కి పర్వాలేదు గానీ మార్బుల్ మీద ఒక్క చుక్క పడినా దాన్ని తినేసి తెల్లటి మచ్చ చేస్తుంది. ఒక కుటుంబం క్లీనింగ్‌కి పిలిచిన మనిషి ఆసిడ్ సీసా మూత లేకుండా హాల్లో పెట్టాడు. అది ఒరిగింది. సీసా అడుగంత మచ్చకి పాలిష్ ఖర్చు 8,000 వాళ్ళ అడ్వాన్స్‌లోంచే పోయింది. అంతా శుభ్రంగా అప్పగిద్దామని పిలిపించిన పనే అది.

ఇద్దరూ కలిసి ఇల్లు చూడటం

సామాను సర్దేసిన తర్వాత, తాళాలకు ఒక వారం ముందు ఓనర్‌ని గానీ ఆయన తరఫు మనిషిని గానీ పిలవండి. వారం ముందు ఎందుకంటే, ఏదైనా చూపిస్తే బాగు చేయించే టైమ్ మీకు ఉండాలి. చివరి రోజు లారీ కింద ఆగి ఉండగా "ఈ గీజర్ ఏంటి ఇలా ఉంది" అంటే మీరు చేయగలిగింది లేదు, ఎంతంటే అంత ఒప్పుకుంటారు.

2019లో మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌కి ఇలాగే వెళ్ళాం. ఓనర్ తండ్రి, రిటైరైన పెద్దాయన, చేతిలో టార్చిలైటు. తాళాల గుత్తితో టైల్ టైల్‌నీ కొట్టి చప్పుడు విన్నారు. వాష్ బేసిన్ దగ్గర ఆగి వేలితో తడిమారు. కుళాయి కింద నుంచి అంచుదాకా వెంట్రుకంత పగులు. "ఆరు వేలు" అన్నారు. ఖాళీ చేస్తున్న అబ్బాయి మాట్లాడలేదు, ఫోన్ తీసి వెతుకుతూ కూర్చున్నాడు. దిగిన రోజు వీడియో దొరికింది. వంటింట్లో పాలు పొంగుతున్నాయి, వాళ్ళమ్మగారు "పొంగాయి పొంగాయి" అంటున్నారు, అక్కడి నుంచి ఫోన్ ఇల్లంతా తిరుగుతూ వాష్ బేసిన్ దగ్గరికి వచ్చింది. పగులు అప్పుడే ఉంది. ఆ వీడియో అదే రోజు చుట్టాల గ్రూపులో పెట్టాడు కాబట్టి తేదీ కూడా ఉంది. పెద్దాయన కళ్ళజోడు తీసి మళ్ళీ చూసి, "పాలు బాగా పొంగాయి నాయనా" అని ముందుకు నడిచారు.

మీ దగ్గరా అలాంటి వీడియో ఉండే ఉంటుంది. ఈ రాత్రే వెతకండి. మీ ఫోన్లో లేకపోతే అమ్మానాన్నల ఫోన్లో, చెల్లి ఫోన్లో.

కలిసి చూశాక అనుకున్నదంతా అక్కడే రాసుకోండి. హాలు గోడకి 3,000, బెడ్‌రూమ్ ఫ్యాన్ రెగ్యులేటర్ 350, అంతే. ఫోటో తీసి ఇద్దరి మధ్య వాట్సాప్‌లో పెట్టేయండి. తర్వాత "అది మర్చిపోయా, ఇదొకటి ఉంది" అంటే ఆ ఫోటో చూపించడమే.

బిల్లులు

చివరి రోజు కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీయండి, సర్వీస్ నంబర్ కనపడేలా. చివరి బిల్లు మీరు వెళ్ళాక వస్తుంది కాబట్టి యూనిట్లను బట్టి అంచనా కట్టి అప్పుడే లెక్క ముగించండి. "బిల్లు వచ్చాక చూద్దాం" అంటే డబ్బు మొత్తం ఆ బిల్లు దగ్గరే ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌కి అసోసియేషన్ వాళ్ళ దగ్గర బాకీ లేదని ఒక మెసేజ్ తీసుకోండి.

చాలామందికి తెలియనిది ఒకటి. మూడేళ్ళ బిల్లుల్లో ఎప్పుడైనా ఏసీడీ అని అదనంగా వచ్చిందేమో చూడండి. అది వాడకం పెరిగినందుకు కరెంటు సంస్థ తీసుకునే అదనపు డిపాజిట్, చార్జీ కాదు. ఓనర్ పేరు మీదున్న సర్వీసులో డిపాజిట్‌గా ఉండిపోతుంది. మీరు కట్టి ఉంటే లెక్కలో మీ వైపు వేసుకోవచ్చు. నేనైతే అడిగినవాళ్ళకు ఇస్తాను. మూడేళ్ళలో అడిగింది ఇద్దరే.

తాళాల రోజు

మంగళవారం, శుక్రవారం పెట్టుకోకండి. శుక్రవారం పూట డబ్బు బయటికి ఇవ్వరు చాలా ఇళ్ళలో, దీపాలు పెట్టాక అసలే ఇవ్వరు. మీరు నమ్మినా నమ్మకపోయినా అదో వాయిదా అవుతుంది. గురువారమో ఆదివారమో పొద్దున పూట పెట్టుకోండి. "ఈ రోజు బ్యాంకు సెలవు" అన్న సాకు ఇప్పుడు చెల్లదు. యూపీఐ ఉంది, 2019 డిసెంబర్ నుంచి నెఫ్ట్ కూడా సెలవు రోజుల్లో నడుస్తోంది.

ఖాళీ ఇంట్లో ఇద్దరూ నిలబడి, డబ్బు పడ్డ మెసేజ్ మోగాక తాళాలు ఇవ్వండి. వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళొద్దు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. 2009లో వివేకానంద నగర్‌లో ఒక పోర్షన్ ఖాళీ చేశాం. 16,000 అడ్వాన్స్. ఊళ్ళో పెళ్ళి, బస్సు టైమవుతోంది. తాళాలు కింది పోర్షన్ ఆంటీకి ఇచ్చేసి వెళ్ళాను. వారం తర్వాత ఫోన్ చేస్తే "వచ్చే వారం". మోటారు కాలిందన్నారు, సున్నం వేయించామన్నారు, కూతురికి కాన్పు అన్నారు. ఏడు నెలలు. చివరికి 9,000 చేతిలో పెట్టి "ఇక అయిపోయింది బాబూ" అన్నారు. నిజంగా మోటారు కాలిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను లేను కదా అక్కడ.

ఆ రోజు ఓనర్ దగ్గర డబ్బు లేదంటే? తాళాలు ఇవ్వకుండా రోజుల తరబడి పట్టుకుని కూర్చోవడం కూడా ప్రమాదమే. ఇల్లు అప్పగించలేదు కాబట్టి అద్దె నడుస్తోందంటారు. అలాంటప్పుడు తేదీ వేసిన చెక్కు అడగండి. పది, పదిహేను రోజుల తర్వాత తేదీ అయినా పర్వాలేదు. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది నేరం అవుతుంది. బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు అందిన తర్వాత డబ్బు కట్టడానికి ఆయనకు 15 రోజుల గడువు ఉంటుంది. అందుకే చెక్కు రాసినవాళ్ళు దాదాపు ఎప్పుడూ డబ్బు సర్దుతారు. చెక్కు బుక్ లేదంటే "ఫ్లాట్ తాళాలు ముట్టాయి, అడ్వాన్స్‌లో ఇంత బాకీ ఉంది, ఫలానా తేదీకి ఇస్తాను" అని ఆయన నంబర్ నుంచి మెసేజ్ పెట్టించుకుని అప్పుడు ఇవ్వండి.

అయినా ఇవ్వకపోతే

గడువు దాటిన వారానికి మర్యాదగా ఒక మెసేజ్. ఇంకో వారం చూసి స్పీడ్ పోస్టులో ఉత్తరం, రసీదు దాచుకోండి. ఆ తర్వాత లాయర్ నోటీసు. నేను చూసినంతలో సగం బాకీలు లాయర్ నోటీసు అందిన పది రోజుల్లో కదులుతాయి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే "సివిల్ మ్యాటర్" అని పంపేస్తారు. మిమ్మల్ని బెదిరించడమో, సామాను ఆపడమో చేస్తే అది వేరే సంగతి, అప్పుడు తప్పకుండా వెళ్ళాలి. కన్జ్యూమర్ కోర్టు కూడా మామూలు అద్దె తగాదాకు దారి కాదు.

మీలాంటి మొత్తానికి నేను చెప్పేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. ఓనర్‌ని పిలిపిస్తారు, కూర్చోబెట్టి మాట్లాడతారు. కోర్టు ఫీజు ఉండదు. వాళ్ళు నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు, అంటే అక్కడ రాసిచ్చే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీ అంత బలం ఉంటుంది, దాని మీద అప్పీలు కూడా లేదు. ఓనర్ రాకపోతే, రాజీకి ఒప్పుకోకపోతే మాత్రం సివిల్ కోర్టులో డబ్బు రాబట్టే దావా వేయాల్సిందే. అది మూడేళ్ళలోపు వేయాలి. 20 వేల కోసం అంతదూరం వెళ్ళమని నేనెవరికీ చెప్పను, లక్షల్లో ఉంటే చెప్తాను.

వంద రూపాయల స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించిన అగ్రిమెంట్ చెల్లదేమోనని భయపడేవాళ్ళుంటారు. స్టాంపు డ్యూటీ తక్కువ పడితే కోర్టు ఆ తేడా, పెనాల్టీ కట్టాక గానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోదు, అంతే. మీరు 44,000 బ్యాంకు నుంచి పంపి ఉంటే స్టేట్‌మెంట్ ఉండనే ఉంది. నగదుగా ఇచ్చి, అగ్రిమెంట్‌లో కూడా రాసుకోనివాళ్ళదే అసలు కష్టం.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి కూడా మీరు చదివే ఉంటారు. ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు, ఇల్లు అప్పగించేటప్పుడే కోతలు పోను తిరిగివ్వాలి అని అందులో ఉంది. అయితే పేరులోనే ఉన్నట్టు అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే బలం. ఓనర్‌తో మాటల్లో వాడండి, నోటీసులో దాని మీదే ఆధారపడకండి.

బెంగళూరు సంగతి ఒక ముక్క. అక్కడ పది నెలల అద్దె అడ్వాన్స్‌గా అడిగే ఆచారం ఎప్పటి నుంచో ఉంది, ఇప్పుడు ఐదారు నెలలకు దిగేవాళ్ళూ దొరుకుతున్నారు. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె అని చాలాచోట్ల అగ్రిమెంట్‌లోనే రాసేస్తారు. సంతకానికి ముందే "రెండేళ్ళు దాటి ఉంటే ఆ కోత వర్తించదు" అని రాయించండి. తాళం తెరిచిన రోజు పాల గిన్నె పక్కన పెట్టి, ముందు ఫోన్‌తో ఇల్లంతా తిరగండి.

మీ అగ్రిమెంట్‌లో పెయింటింగ్ గురించి ఏమైనా ఉంటే ఆ పేరా ఒక్కటి, పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. 25 వేలలో ఎంత దాకా తగ్గించొచ్చో చూసి చెప్తాను.